తల నొస్తుందని చెప్పనివ్వండి

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో తెల్లవారుజాము మూడున్నర, హైదరాబాద్ శివార్లలోని బాచుపల్లిలో ఉదయం తొమ్మిది. 2023 డిసెంబరు. వేళకాని వేళ ఇంటి నుంచి ఫోనొస్తే దూరదేశంలో ఉన్నవాళ్ళ గుండె ఎలా కొట్టుకుంటుందో రాయనక్కర్లేదు. ఫోన్లో చెల్లి మొహం సగమే కనిపిస్తోంది. ఎడమ కన్ను మీద తడిగుడ్డ. వెనక కర్టెన్లన్నీ వేసిన చీకటి గది.

“అక్కా, ఈ మాత్ర వేసుకోవచ్చా?”

దానికప్పుడు ఎనిమిదో వారం. మా మరిది మందుల షాపుకి పరుగెత్తి, తలనొప్పికని చెప్పి తెచ్చాడట. ఎవరికని వాళ్ళు అడగలేదు, కడుపుతో ఉన్న మనిషికని ఇతనికి చెప్పాలని తోచలేదు. “షీటు వెనక్కి తిప్పి కెమెరా దగ్గర పెట్టవే” అన్నాను. చీమ తలకాయంత అక్షరాల్లో నాలుగు మందుల పేర్లు. అందులో ఒకటి ఎర్గోటమిన్.

“వద్దు. నోట్లో పెట్టుకోకు. ముందు మీ డాక్టరుకి ఫోన్ చెయ్యి.”

రై అనే ధాన్యపు కంకికి పట్టే బూజు నుంచి వచ్చిన మందు అది. మన సజ్జ కంకికి పట్టే తేనెబంక తెగులుకి దగ్గరి చుట్టం. రక్తనాళాల్ని బిగిస్తుంది, గర్భసంచినీ బిగిస్తుంది. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే గర్భసంచి ముడుచుకోవడానికి ఇచ్చే ఇంజెక్షన్ కూడా ఆ కుటుంబంలోదే. అలాంటిది లోపల బిడ్డ ఉండగా వేసుకోకూడదు. మా అమ్మకి పార్శ్వపు నొప్పి ఉంది, నాకుంది, చెల్లికుంది. తెనాలిలో ఉన్నప్పుడు ఆ మాత్రలు మా ఇంట్లో పోపుల డబ్బా పక్కనే ఉండేవి. అంత అలవాటైనది విషమవుతుందని ఎవరికి తడుతుంది?

ఆ రోజు చెల్లి ఆ మాత్ర వేసుకోలేదు. అలాగని వేరే మందూ వేసుకోలేదు. “బిడ్డ కోసం ఆ మాత్రం ఓర్చుకోలేనా” అంది. నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ మాటే. 2016లో సరిగ్గా అదే మాట నేనూ అనుకున్నాను.

అప్పుడు నాకు మూడో నెల. రెడింగ్ స్టేషన్లో లండన్ రైలు కోసం నిలబడి ఉన్నాను. బోర్డు మీద అంకెల మధ్యలో ఒక అక్షరం కనిపించడం మానేసింది. ఆ ఖాళీ అంచున వెండి జరీలా వంకరటింకర మెరుపు మొదలై, ఇరవై నిమిషాల్లో కంటి చివరిదాకా పాకింది. దాని వెనకే నొప్పి. ఇంటికి చేరి రెండు రోజులు చీకట్లో పడుకున్నాను. నీళ్ళు తాగినా వాంతి. గర్భం దాల్చక ముందు, నొప్పి రాకుండా రోజూ టోపిరమేట్ వేసుకునేదాన్ని. బిడ్డకి పెదవి చీలే ప్రమాదం ఉందని గర్భానికి ప్రయత్నించే ముందే డాక్టరు దాన్ని ఆపించారు. ఇదే నొప్పికి ఇచ్చే వాల్‌ప్రోయేట్ బిడ్డ వెన్నుపూసకీ మెదడుకీ ఇంకా పెద్ద చేటు. ఆ మందులు మానేశాను సరే, ఇక ఏ మందూ ఉండదేమో అని నాకు నేనే తీర్మానించుకున్నాను.

మూడో రోజు మిడ్‌వైఫ్ దగ్గరికి వెళితే ఆవిడ నన్ను మొదట తిట్టలేదు, ఓదార్చలేదు. జబ్బకి పట్టీ చుట్టి బీపీ చూసింది. మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, నొప్పి ఏ వైపు, ఎంతసేపు, ఎన్ని రోజులకొకసారి, చూపు చెదిరిందా, చెయ్యి తిమ్మిరెక్కిందా అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. పారాసిటమాల్ ఎందుకు వేసుకోలేదంటే నా దగ్గర జవాబు లేదు. వద్దని నాతో ఎవరూ చెప్పలేదు మరి. రెండు రోజులు తిండీ నీళ్ళూ లేకుండా పడుకోవడం వల్ల బిడ్డకి ఒరిగేదేమీ లేదని ఆవిడ చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత నేర్చుకున్నదంతా చెల్లికి చెప్పాను. గర్భంతో ఉన్నప్పుడు మొదట వేసుకోవాల్సింది పారాసిటమాలే, నొప్పి మొదలవుతుండగానే, డాక్టరు చెప్పిన మోతాదులో. అదైనా నెలలో పదిహేను రోజులు మింగితే ఆ మందే కొత్త తలనొప్పిని తెచ్చిపెడుతుంది. ఐబుప్రోఫెన్ జాతి మందులు 20 వారాలు దాటాక వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది, బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గుతుందని. వాంతులు ఆగడానికి మందుంది. కాఫీ రోజుకి 200 మిల్లీగ్రాముల కెఫీన్ మించకుండా తాగొచ్చు, అలవాటున్నవాళ్ళు ఉన్నట్టుండి మానేస్తే అదో తలనొప్పి. ఇవేవీ పనిచెయ్యకపోతే సుమట్రిప్టాన్ సంగతి డాక్టరు ఆలోచిస్తారు. 1996 నుంచి 2012 దాకా ఆ మందు వాడిన గర్భిణుల వివరాలు నమోదు చేసిన రిజిస్ట్రీలో పుట్టుక లోపాలు పెద్దగా పెరిగిన జాడ కనిపించలేదు. ఇవన్నీ డాక్టరు చేతి మీదుగా జరగాల్సినవే. కానీ డాక్టరుకి తెలియాలంటే మనం నోరు విప్పాలి కదా.

నాలుగో నెల నుంచి చెల్లికి తెరిపి దొరికింది. చాలామందికి అలాగే అవుతుంది. నెలనెలా ఎగిరిపడే ఈస్ట్రోజెన్ గర్భంలో నిలకడగా ఉండటం వల్ల సగానికి పైగా ఆడవాళ్ళకి పార్శ్వపు నొప్పి తగ్గుతుందని డాక్టర్లు చెబుతారు. మేమూ గండం గడిచిందనుకున్నాం. ఏప్రిల్ ఎండలతో అది మళ్ళీ తిరగబెట్టింది.

మే నెలాఖరులో మూడు వారాలు సెలవు పెట్టి బాచుపల్లి వెళ్ళాను. నాన్న రిటైరయ్యాక అక్కడ ఫ్లాట్ కొన్నారు. 2016లో మండలం అయినప్పటి నుంచి ఆ ఊరు ఏటా కొత్తగా కనిపిస్తుంది నాకు. పార్శ్వపు నొప్పితో ఉన్న గర్భిణి కళ్ళతో చూడటం మాత్రం అదే మొదటిసారి. పడమటి కిటికీలోంచి ఎదుటి టవర్ అద్దాల మీద పడి తిరిగొచ్చే ఎండ. పక్క ప్లాటులో రాయి కొట్టే డ్రిల్లింగ్. కరెంటు పోగానే జనరేటరు పొగ. కొన్ని సాయంత్రాలు గాలి మళ్ళినప్పుడు ఫ్యాక్టరీల వైపు నుంచి ముక్కుపుటాలు మండించే వాసన. వీటికి తోడు పొద్దున పది గంటలకి ఆఫీసు క్యాబు. బాచుపల్లి చౌరస్తా, మియాపూర్, హఫీజ్‌పేట, కొండాపూర్ దాటుకుని గచ్చిబౌలి చేరేసరికి గంటన్నర. పొద్దున తిన్న ఇడ్లీ క్యాబులోనే కడుపులో తిరిగేది. రాత్రి పదకొండు దాకా అమెరికా వాళ్ళతో కాల్స్. నిద్ర వేళ తప్పడం, తిండి వేళ తప్పడం, వెలుతురు, వాసన, ఎండ. పార్శ్వపు నొప్పిని రేపేవన్నీ ఒక్క రోజులో దాని చుట్టూ చేరాయి.

“మేనేజరుకి చెప్పావా?”

“తలనొప్పికి సెలవంటే ఏమనుకుంటారక్కా.”

దాన్ని కూర్చోబెట్టి అప్పుడు అమల్లో ఉన్న చట్టం చెప్పాను. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి రెండు కాన్పులకి 26 వారాల సెలవు వచ్చిందని అందరికీ తెలుసు. గర్భం వల్ల వచ్చిన అనారోగ్యానికి, డాక్టరు కాగితం చూపిస్తే, దానిపైన ఇంకో నెల దాకా జీతంతో సెలవు ఇవ్వాలని అదే చట్టంలో ఉన్న సంగతి ఐటీ ఆఫీసుల్లో ఎంతమందికి తెలుసు? డాక్టరమ్మ కాగితం రాసిచ్చారు. రాత్రి కాల్స్ ఆగాయి, వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచే పని. తలనొప్పి వారానికి మూడుసార్ల నుంచి ఒకసారికి దిగింది. ఏ మాత్రా చెయ్యని మేలు అది.

అమ్మ మాత్రం వేడి చేసిందని సబ్జా నీళ్ళు, మజ్జిగ పట్టేది. ఒంట్లో నీళ్ళు తగ్గితే నొప్పి రేగుతుంది కాబట్టి అమ్మ చేసిందే సరి. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేది. అమృతాంజనం సీసా కూడా తీసింది కానీ, వేవిళ్ళ నాటి నుంచి ఘాటు వాసనలేవీ చెల్లికి పడక మూత పెట్టేసింది. ఆ సీసా చూసినప్పుడల్లా నాకు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గుర్తొస్తారు. 1893లో సొంతూరికి దూరంగా బొంబాయిలో ఉండి తలనొప్పికి ఆ మందు చేసిన మనిషి. అంతదూరం ఎందుకు, బాచుపల్లిలోనే ఫ్యాక్టరీలున్న డాక్టర్ రెడ్డీస్ 2008లో సుమట్రిప్టాన్ జెనరిక్‌ని అమెరికా మార్కెట్లో దింపింది. జబ్బకి 45 నిమిషాలు కట్టుకుంటే సన్నటి కరెంటుతో నొప్పిని అణిచే నెరివియో అనే పరికరాన్ని 2023లో మన దేశంలోకి తెచ్చింది. గర్భిణులు దాన్ని వాడటం మీద వచ్చిన అధ్యయనం చిన్నదే, ఫలితం ఆశ కలిగించేదే. ఆ ఫ్యాక్టరీలకి కూతవేటు దూరంలో ఉంటూ మా చెల్లి, నుదుటికి చున్నీ బిగించుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. ఇలాంటి పరికరం ఉందని దానికి చెప్పినవాళ్ళు లేరు.

ఒక మధ్యాహ్నం అలా కూర్చుని ఉండగా ఇంట్లో పని చేసే ఆమె గిన్నెలు వదిలి వచ్చింది.

“తల నొస్తుందా చెల్లె? నాకు గూడ పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు గిట్లనే నొస్తుండె. కొంగు గట్టిగ కట్టుకోని పనికి పోతుంటి.”

“ఎవరికీ చెప్పలేదా?”

“ఎవలకు చెప్పాలమ్మా? చెప్తే మాత్రం ఏమంటరు, ఊకో అంటరు. రెండో కాన్పుకు ఆశమ్మ దవాఖానకు తీస్కపోతె బీపీ ఉన్నదన్నరు. అప్పుడు ఎరుకైంది.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొదటి కాన్పులో ఆమెకున్నది ఉత్త తలనొప్పేనా, బీపీయా? ఇప్పుడెవరు చెప్పగలరు!

మూడు రోజుల తర్వాత, 31వ వారంలో, చెల్లి నన్ను అర్ధరాత్రి లేపింది. “ఇది రోజూ వచ్చేది కాదక్కా” అంది. ఒక పక్క కాదు, తలంతా దిమ్ముగా ఉంది. మెరుపులు లేవు, మసక మాత్రం ఉంది. అమ్మ “పొద్దున చూద్దాం లేవే, పడుకుంటే తగ్గుతుంది” అంది. నేను ఒప్పుకోలేదు. ఇరవై వారాలు దాటాక కొత్త రకం తలనొప్పి వస్తే, పార్శ్వపు నొప్పి చరిత్ర ఎంత పాతదైనా సరే, మొదట అనుమానించాల్సింది గుర్రపువాతానికి దారితీసే ప్రీఎక్లాంప్సియాని. పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్ళకి అది వచ్చే అవకాశం కాస్త ఎక్కువ కూడా. మొహం, చేతులు ఉబ్బడం, డొక్కల కింద కుడివైపు నొప్పి, చూపు మసకబారడం, వీటిలో ఏ ఒక్కటి తోడైనా గంటలు లెక్కే.

ఒంటిగంటకి ఆసుపత్రిలో బీపీ 122/78. మూత్రంలో ప్రొటీన్ లేదు. రక్తపరీక్షలు బాగున్నాయి. సెలైన్ ఎక్కించి, వాంతి మందు, పారాసిటమాల్ ఇచ్చారు. తెల్లారేసరికి చెల్లి నిద్రపోతోంది. అనవసరంగా వచ్చామేమోనని అమ్మ నసుగుతుంటే డ్యూటీ డాక్టరమ్మ, “ఇలాగే రావాలమ్మా. ఏమీ లేదని చెప్పడానికే మేమున్నాం” అన్నారు. ఆవిడ పేరు కూడా అడగకుండా వచ్చేశాను. ఆవిడకి ఇక్కడి నుంచి నమస్కారం.

జులైలో పాప పుట్టింది. అప్పటికి నేను రెడింగ్‌లో ఉన్నాను. అయిదో రోజున మళ్ళీ ఫోన్, మళ్ళీ తడిగుడ్డ. కాన్పుతో ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి అది తిరిగొస్తుందని తెలిసే ఉన్నాం. నాకు తెలియనిది ఇంకొకటి. బాలింత ఎక్కువ నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందని మా పెద్దమ్మ పూటకి ఒక గ్లాసే ఇస్తోంది. నేను పెద్దమ్మతో గట్టిగా మాట్లాడాను. జీవితంలో మొదటిసారి ఆవిడ మీద గొంతు పెంచాను. బాలింతకి నీళ్ళు కట్టడి చేస్తే రక్తం చిక్కబడి మెదడు సిరల్లో గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుందని మన దేశపు నరాల వైద్యులు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నారు. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 2012లో అలా సిరల్లో గడ్డకట్టిన 428 మంది వివరాలు ప్రచురిస్తే, అందులో బాలింతలు కూడా ఉన్నారు. చాలామందిలో దాని మొదటి లక్షణం తలనొప్పే. పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెంబుతో నీళ్ళు తెచ్చి మంచం పక్కన పెట్టింది.

చెల్లిని ఆ రోజే డాక్టరుకి చూపించారు. పార్శ్వపు నొప్పే. పాలిస్తూ కూడా వేసుకోగల మందిచ్చారు.

మీ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల గానీ, పచ్చి బాలింత గానీ తల పట్టుకుని కూర్చుంటే, ఊరుకోమనకండి, మందుల షాపుకి పరుగెత్తకండి. బీపీ మిషను తెచ్చి జబ్బకి కట్టండి. పై అంకె 140కి గానీ, కింది అంకె 90కి గానీ చేరితే తెల్లారేదాకా ఆగకండి. అంకెలు బాగున్నా నొప్పి కొత్తగా ఉందని ఆ అమ్మాయి చెబితే, ఆ మాటనే నమ్మి తీసుకెళ్ళండి.