బే కింద ఒక చుక్క

బే, పే, తే, టే, సే. ఈ ఐదు హర్ఫులూ ఒకే ఇంటి పిల్లలు. అందరిదీ ఒకే ఒళ్ళు, పడవలాగా అడ్డంగా పడుకున్న గీత. తేడా అంతా చుక్కల్లోనే. కింద ఒక చుక్క ఉంటే బే, కింద మూడుంటే పే, పైన రెండుంటే తే, పైన మూడుంటే సే. చుక్కలకి బదులు నెత్తిమీద చిన్న తోయ్ కూర్చుంటే టే. ఉర్దూ చదువుకున్నవాళ్ళకి ఇదంతా చెప్పనక్కర్లేదు. కానీ మీ ఖాందాన్‌లో నాలుగేళ్ళ పిల్లలున్న అమ్మీ అబ్బాలు ఎంతమంది ఉన్నారో, వాళ్ళలో ఈ ఐదింటినీ విడదీసి చదవగలిగేవాళ్ళు ఎందరో వేళ్ళ మీద లెక్కేసి చూడండి. మా ఖాందాన్‌లో ఒక చెయ్యి చాలు.

పిల్లలు ఖాయిదా చదువుతున్నారు కదా అంటారు. చదువుతున్నారు, మాషా అల్లా. అసర్ తర్వాతో మగ్రిబ్ తర్వాతో టోపీ పెట్టుకుని, ఓఢ్నీ కప్పుకుని మస్జిద్‌కి పోతున్నారు. ఏడెనిమిదేళ్ళకి ఖురాన్ చూసి చదివే పిల్లలు మన అలంపూర్‌లోనూ ఉన్నారు. అయితే అరబ్బీలో ఉన్నవి 28 హర్ఫులు. అందులో పే లేదు, టే లేదు, చే లేదు, గాఫ్ లేదు. అంటే ఆ పిల్లవాడు ఎంత బాగా చదివినా వాడికొచ్చిన హర్ఫులతో పానీ రాయలేడు, టోపీ రాయలేడు, చాయ్ రాయలేడు, గోష్త్ రాయలేడు. ఇంట్లో రోజూ నోటితో అనే మాటలే కాగితం మీద కనిపిస్తే పరాయివైపోతాయి. అరబ్బీ వస్తే ఉర్దూ దానంతటదే వస్తుందని మనవాళ్ళకి ఒక ఖయాల్ ఉంది. రాదు. ఆ నాలుగు మెట్లూ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఎక్కించాలి.

ఈ ఫికర్ నాకు పుస్తకాల్లోంచి రాలేదు. అలంపూర్‌లో మా అమ్మీకి ఒక బయాజ్ ఉంది. అట్ట ఊడిపోయిన పాత నోటు పుస్తకం. అందులో ఖుబానీ కా మీఠా కొలతలున్నాయి, ఎవరి షాదీకి ఎంత చదివించామో ఉంది, అబ్బా పోయిన తారీఖు ఉంది, మా పుట్టిన రోజులు చాంద్ తారీఖులతో సహా ఉన్నాయి. అంతా ఉర్దూ. ఇప్పుడు మా ఇంట్లో దాన్ని చదవగలిగినవాళ్ళం ఇద్దరమే, అమ్మీ, నేను. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, తర్వాత డిగ్రీలో తెలుగు సాహిత్యం. చెల్లెలు మొదటినుంచీ ఇంగ్లీషు మీడియం. దఖనీ గలగలా మాట్లాడుతుంది, ఒక్క ముక్క చదవలేదు. దాని కూతురు గుడియాకి నాలుగేళ్ళు దాటాయి. జూన్‌లో ఎల్‌కేజీ. చేర్చడానికి వెళ్తే స్కూలువాళ్ళు ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమన్నారట, లేకపోతే పిల్ల కన్‌ఫ్యూజ్ అవుతుందట. యునెస్కో 1953లోనే పిల్లకి మొదటి చదువు ఇంటి భాషలో చెప్పమంది. మన దేశంలో 2020 జాతీయ విద్యా విధానమూ వీలైనంతవరకు ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పాలంది. ఇవన్నీ చెల్లెలికి చెప్పాను. "భాయ్, ఫీజు కట్టేది నేను కదా" అంది. నిజమే. అందుకని స్కూలు జోలికి పోలేదు. ఎండాకాలం సెలవులో వారం రోజులు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్క హర్ఫ్ అడిగాను. ముప్పై ఆరో ముప్పై ఎనిమిదో కాదు, ఒక్కటే. బే.

అలిఫ్ వదిలేసి బే ఏమిటని అమ్మీ నసిగింది. అలిఫ్ నిలువు గీత, పిల్లకి అప్పటికే వచ్చు. పైగా బే మన ఇళ్ళల్లో రోజుకి ఎన్నిసార్లు నోట్లోంచి వస్తుందో చూడండి. అన్నం ముందు బిస్మిల్లా, తలుపు తీస్తే బిస్మిల్లా, పిల్ల కింద పడ్డా బిస్మిల్లా. నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకి మనం చేసే రస్మ్ పేరే బిస్మిల్లా. అది గుడియాకి నెల కిందటే అయింది. పూలదండ వేశారు, లడ్డూలు పంచారు, ఫోటోలు దిగారు. మరుసటి రోజు నుంచి ఎవరికీ హర్ఫ్ గుర్తులేదు.

మొదటి రోజు కాగితం ముట్టలేదు. చెవి పనే. దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని బ్ అనే చప్పుడుతో మొదలయ్యే మాట వినిపిస్తే చప్పట్లు కొట్టాలి. బైంగన్, బర్తన్, బిర్యానీ, బకరీ, బావా. హర్ఫ్ పేరు బే, చప్పుడు బ్. పిల్లకి ముందు చప్పుడు చెప్పాలి, పేరు తర్వాత. ఇక్కడే ఇంకో ఫాయిదా ఉంది. బండి, బడి, బెల్లం, బుట్ట అని తెలుగు మాటలకీ చప్పట్లు పడ్డాయి. బాల్‌కీ బస్సుకీ పడ్డాయి. మూడు భాషల్లోనూ అదే బ్. పిల్ల ఏమీ కన్‌ఫ్యూజ్ కాలేదు, పెద్దవాళ్ళకే ఆ భయం. దూదేకుల ఇళ్ళల్లో, తెలుగే ఇంటి భాషగా ఉన్న ఇంకెన్నో మన ఇళ్ళల్లో కూడా ఈ ఆట అలాగే ఆడొచ్చు. బెల్లంతో మొదలుపెట్టి బిస్మిల్లాకి రావచ్చు.

రెండో రోజు కిష్తీ. ఉర్దూలో కిష్తీ అంటే పడవ, మన ఇళ్ళల్లో ట్రేని కూడా కిష్తీ అంటారు. స్టీలు కిష్తీలో ఉప్మా రవ్వ పలచగా పరిచి వేలితో పడవ గీయించాం. పొరుగింటి పిల్లకి అక్షరాభ్యాసం బియ్యంలో చేయించడం గుడియా చూసింది కాబట్టి కొత్తగా అనిపించలేదు. ఇక్కడ ఒక పేచీ వస్తుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకి, తెలుగూ ఇంగ్లీషూ ఎడమ నుంచి కుడికి. నాలుగేళ్ళ పిల్లకి కుడి ఎడమలు తెలియవు, కానీ తినే చెయ్యి ఏదో తెలుసు. "తినే చెయ్యి వైపు నుంచి బయలుదేరు" అంటే చాలు. మేము ఆ చేతి మణికట్టు మీద మెహందీతో ఒక చుక్క కూడా పెట్టాం. పడవ కుడి ఒడ్డున బయలుదేరి, కాస్త దిగి, ఎడమ ఒడ్డుకి చేరుతుంది. చివర్లో కింద చుక్క. తుంగభద్రలో పుట్టి చూసిన పిల్ల కదా, "చుక్క చేపనా మామూ?" అంది. చేపే అన్నాను.

వేలితో తడిమి నేర్చుకోవడం మన నానీల దగ్గరా ఉంది, దేశాల అవతలా ఉంది. 1907లో రోమ్‌లో పిల్లల ఇల్లు మొదలుపెట్టిన మరియా మాంటిస్సోరీ ఉప్పు కాగితంతో కత్తిరించిన అక్షరాలు పలక మీద అతికించి, పిల్లలు వాటిని వేలితో తడుముతూ చప్పుడు అనేట్టు చేసింది. ఆవిడ 1939లో మద్రాసు వచ్చి యుద్ధం వల్ల ఏళ్ళ తరబడి మన దేశంలోనే ఉండిపోయింది. హార్డ్‌వేర్ షాపులో ఒక ఉప్పు కాగితం ముక్క చాలు. వెనకవైపు బే గీసి కత్తిరించి అట్టకి అంటించండి. గీసేటప్పుడు తిరగేసి గీయాలి, లేకపోతే పడవ తలకిందులు కాదుగానీ బయలుదేరే ఒడ్డు మారిపోతుంది.

మూడో రోజు చుక్క గురించే. ఖత్తాతీలో నుఖ్తా గుండ్రంగా ఉండదు. ఏటవాలుగా చెక్కిన ఖలమ్‌ని కాగితం మీద ఆనించి లాగితే బర్ఫీ ముక్కలాగా వస్తుంది. పెద్ద ఖత్తాతులు హర్ఫ్ పొడవుని ఆ చుక్కలతోనే కొలుస్తారు, అలిఫ్ ఇన్ని చుక్కల ఎత్తు, బే ఇన్ని చుక్కల వెడల్పు అని. పదో శతాబ్దంలో బగ్దాద్‌లో ఇబ్న్ ముఖ్లా కుదిర్చిన హిసాబ్ అది. చెన్నైలో 1927లో మొదలైన ముసల్మాన్ పత్రికని కాతిబులు అలాంటి ఖలమ్‌తోనే ఏళ్ళకేళ్ళు చేత్తో రాశారు. అమ్మీ కొబ్బరి బర్ఫీ చేసింది. గోధుమపిండి ముద్దని గుడియా పాములాగా చుట్టి, వంచి పడవ చేసింది. కింద బర్ఫీ ముక్క పెడితే బే. బర్ఫీలోనూ బే ఉంది. ఆ రోజు మా ఇంట్లో బే కింద చుక్క ఎప్పుడు చూసినా మాయమే. శనగలు, చింతగింజలు కూడా పెట్టొచ్చుగానీ ముక్కులో దూర్చుకునే వయసు పిల్లలుంటే పక్కన కూర్చోండి.

చుక్క ఒకటి జారితే ఏమవుతుందో పెద్దలకి తెలుసు. ఖుదా అని రాసి, పైనున్న చుక్కని కిందికి దించితే జుదా అవుతుంది. తెలుగులోనూ ధ కడుపులో చుక్క పెడితే థ. పిల్లకి ఇవన్నీ చెప్పలేదు. మామిడి మాత్రం చెప్పాను. అలంపూర్ పేరు పెట్టుకున్న బేనిషాన్ రకమే ఒకటి ఉంది, తోటల వాళ్ళకి తెలుసు. బే నిషాన్ అంటే మచ్చ లేనిది. పండుని నాలుగువైపులా తిప్పి చూసి, "దీనికి నుఖ్తా లేదు, ఇది బే ఎట్లయితది?" అంది గుడియా. నా తెలుగు డిగ్రీలో అంత మంచి శ్లేష నాకెప్పుడూ తట్టలేదు.

నాలుగో రోజు గొడవయింది. వాకిట్లో ముగ్గుపిండితో పెద్ద బే గీసి గుడియాని దాని మీద నడిపిద్దామనుకున్నాను. ఇంగ్లీషు పిల్లల పుస్తకాల్లో అక్షరం మీద నడిపిస్తారు, గెంతిస్తారు. అమ్మీ గుమ్మంలోంచి కేకేసింది, "హర్ఫ్ పో పావ్ నక్కో రఖో బా!" హర్ఫ్ మీద కాలు పెట్టకూడదు. అదే హర్ఫ్‌తో కలామ్ రాసి ఉంటుంది, అదే హర్ఫ్ పిల్ల కాలి కింద పడకూడదు అని అమ్మీ అదబ్. నాకు ఆ అదబ్ మీద బహస్ లేదు. కాగితం కింద పడితే తీసి కళ్ళకద్దుకున్న ఇల్లు మాది. పొరుగింటివాళ్ళూ పుస్తకానికి కాలు తగిలితే దణ్ణం పెట్టుకుంటారు. ఏం చేయాలా అని చూస్తుంటే అమ్మీయే తన దుపట్టా తీసుకొచ్చి చాప మీద పడవలాగా వంచి పరిచింది. గుడియాని దాని కిందివైపు మధ్యలో కూర్చోబెట్టింది. "అబ్ తూ నుఖ్తా."

అంతే, ఆట దొరికింది. గుడియా కింద ఒక్కతే కూర్చుంటే బే. వీధిలోంచి ఇంకో ఇద్దరు వచ్చి పక్కన చేరితే పే. ఒకరు ఇంటికి పోయి మిగిలిన ఇద్దరూ పైకి వచ్చి కూర్చుంటే తే. మళ్ళీ ముగ్గురూ పైన కూర్చుంటే సే. ఒక్కడే పైన కూర్చుంటే ఏమవుతుందని అడిగారు పిల్లలు. అది నూన్, కానీ దాని పడవ ఇంకా లోతు, గిన్నెలాగా ఉంటుంది. అమ్మీ దుపట్టాని లోతుగా వంచింది. మేము నేర్పింది ఒక్క హర్ఫ్, ఆ సాయంత్రం ఐదు చూశారు. నేర్చుకున్నారని అనను. కానీ ఎవరు ఎక్కడ కూర్చుంటే ఇల్లు మారిపోతుందో అర్థమైంది. "మై నుఖ్తా, మై నుఖ్తా" అని పోట్లాట. పొరుగింటి పిల్లాడు కూడా నుఖ్తా అయ్యాడు, వాళ్ళ ఇంటిముందు చుక్కల ముగ్గు వేస్తారు కాబట్టి చుక్కల లెక్క వాడికే ముందు తెలిసింది.

తర్వాతి రోజు పాత సియాసత్ పేపరు, ఒక రంగు పెన్సిలు. బే కనబడితే చుట్టూ సున్నా చుట్టాలి. ఇది తేలిక కాదు, తొందరపడకండి. మాటలో కలిసినప్పుడు బే తన పడవని వదిలేస్తుంది. మొదట్లోనో మధ్యలోనో వస్తే ఒక చిన్న పన్ను, దాని కింద చుక్క, అంతే మిగులుతుంది. పెద్ద హెడ్డింగుల్లోనే వెతికించాలి. గుడియా పది నిమిషాల్లో నాలుగు బేలు పట్టింది, ఐదోది జీమ్. జీమ్‌కీ ఒక్కటే చుక్క కదా. "ఇది వేరే, దీని చుక్క కడుపులో ఉంది" అన్నాను. కాసేపు చూసి, "చేపని తినేసింది" అంది. పది నిమిషాలు దాటాక పేపరు మడిచేశాం. పిల్ల ఇంకా కావాలంటున్నప్పుడే ఆపెయ్యాలి. పెన్సిలుతో రాయించడం అసలు చేయలేదు. నాలుగేళ్ళ వేళ్ళకి అది చాకిరీ, పిండి ముద్ద చాలు.

ఆరో రోజు అమ్మీ బయాజ్ తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. మొదటి పేజీ పైన బిస్మిల్లా. గుడియా వేలు దాని మొదటి చుక్క మీదే ఆగింది. తర్వాత పేజీలు తిప్పుతూ ఖుబానీలో బే, బాదామ్‌లో బే, అబ్బా అని ఉన్న చోట బే. అక్కడ అమ్మీ కాసేపు పేజీ తిప్పలేదు. చెల్లెలు వంటింట్లోంచి వచ్చి వెనక నిలబడి చూస్తోంది. "ఇది ఏం రాసి ఉంది అమ్మీ?" అని తనే అడిగింది. ముప్పై ఏళ్ళుగా ఆ పుస్తకం ఆ ఇంట్లోనే ఉంది.

ఈ నెల్లోనే ఒక జుమా నాడు మళ్ళీ వెళ్తున్నాను. ఈసారి పే. పానీ, ప్యాజ్, పాపడ్, పతంగ్. చెల్లెలు ఫోన్ చేసి, రాత్రి గుడియా పడుకున్నాక తను కూడా రవ్వలో గీసి చూస్తున్నానని, టేకీ సేకీ తేడా ఇంకా కుదరడం లేదని చెప్పింది. పే అంటే కింద మూడు చుక్కలు కావాలి, గుడియా ఒక్కతే సరిపోదు. వీధిలో పిల్లల్ని ముందే చెప్పి ఉంచమన్నాను, బర్ఫీ కూడా ఎక్కువ చేయమని.