స్పిండిల్ పట్టేసింది... తప్పెవరిది?

ఈమధ్య కట్టిన ఇళ్లలో పూజగది తలుపు మీద పద్మాలు, హంసలు కనిపిస్తే వాటిలో చాలావరకు ఉలి చెక్కినవి కావు, సీఎన్‌సీ రౌటర్ చెక్కినవి. కంప్యూటర్ చెప్పిన గీత మీద నడిచే ఆ మెషీన్‌కి ప్రాణం స్పిండిల్. పొడుగ్గా, గుండ్రంగా ఉండే మోటారు అది. దాని మూతికే బిట్ బిగిస్తాం. మాది 2.2 కిలోవాట్లది, నీళ్లతో చల్లబడే రకం. ఫుల్ స్పీడులో నిమిషానికి 24,000 సార్లు తిరుగుతుంది. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఎంత గింజుకున్నా మూడు నాలుగు వందలే!

రాజమండ్రిలో మా బాబాయి షాపులో ఆ స్పిండిల్ మంచి ఎండాకాలంలో పట్టేసింది. బల్ల మీద టేకు తలుపు సగం చెక్కి ఉంది. వాళ్ల గృహప్రవేశానికి ఆరు రోజులే టైముంది. డ్రైవ్ స్క్రీన్ మీద ఓవర్ కరెంట్ అని ఎర్రర్. రీసెట్ కొట్టి స్టార్ట్ చేస్తే ఒక్క మూలుగు, మళ్లీ అదే ఎర్రర్.

బాబాయి మొదట అడిగింది మెషీన్ గురించి కాదు. "ఎంత స్పీడులో లాగావురా?" అని ఆపరేటర్ మీదకి వెళ్లాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు, జీతం 12,000. కొత్త స్పిండిల్‌కి ఫోన్లో చెప్పిన రేటు 18,000. "పాడుచేసినవాడే కట్టాలి" అనేశాడు బాబాయి. వాడు నా పక్కకి వచ్చి, "అన్నా, నేను దేనికీ గుద్దలేదన్నా" అన్నాడు మెల్లగా. అంటే ఇప్పుడు స్పిండిల్ బాగుచేస్తే సరిపోదు, ఎందుకు పట్టేసిందో కూడా తేలాలి.

మెయిన్ ఆపేసి పది నిమిషాలు ఆగాం. స్విచ్ ఆపినా డ్రైవ్ లోపలి కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలబడే ఉంటుంది, వెంటనే చెయ్యి పెట్టకూడదు. తర్వాత స్పిండిల్ కేబుల్ పీకి షాఫ్ట్‌ని చేత్తో తిప్పి చూశా. కదల్లేదు. చేత్తో హాయిగా తిరిగి ఉంటే అనుమానం డ్రైవ్ మీదకో వైండింగ్ మీదకో పోయేది. అయినా మల్టీమీటర్ పెట్టా. మూడు వైర్ల మధ్య, ఏ రెండు పట్టుకున్నా రెసిస్టెన్స్ ఒకేలా ఉంది. మెగ్గర్‌తో చూస్తే బాడీకి లీకేజీ లేదు. మోటారు బతికే ఉంది, పట్టేసింది బేరింగులే.

"రెంచ్ పెట్టి గట్టిగా తిప్పరా, కాస్త స్ప్రే కొట్టు. ఈ ఒక్క తలుపూ అయిపోతే చాలు" అన్నాడు బాబాయి. ఈ మాట వినబడని షాపు ఉండదేమో! బలవంతంగా తిప్పితే వదులైనా అవుతుంది. కానీ నలిగిన బేరింగు మీద ఆ స్పీడులో షాఫ్ట్ ఊగి, రోటర్ వెళ్లి స్టేటర్‌ని రాస్తే వైండింగ్ కూడా పోతుంది. అప్పుడిక 18,000 ఖాయం. స్ప్రే అయితే మిగిలిన కాస్త గ్రీజునీ కడిగేస్తుంది. నేను ఒప్పుకోలేదు. బాబాయి రెండు గంటలు నాతో మాట్లాడలేదు.

విప్పి చూస్తే ముందువైపు బేరింగుల్లో గ్రీజు మాడి నల్లటి పొడి అయ్యింది. బాల్స్ నీలంగా కమిలిపోయాయి. అది వేడి చేసిన పని. బిట్ వెళ్లి క్లాంపుకి గుద్ది ఉంటే కోలెట్ కూర్చునే చోట దెబ్బ కనిపించాలి, షాఫ్ట్ వంగాలి. డయల్ గేజ్ పెట్టి తిప్పాం, షాఫ్ట్ నిటారుగానే ఉంది. తుప్పు కూడా లేదు కాబట్టి నీళ్లు లోపలికి దిగలేదు.

మరి నీళ్లు తిరుగుతుంటే అంత వేడి ఎందుకు? పంపు రోజూ చప్పుడు చేస్తూనే ఉంది కదా అని ఎవరూ అటు చూడలేదు. పైపులు ఊడదీసి చూశా. పంపు నుంచి నీళ్లు బాగానే వస్తున్నాయి. స్పిండిల్ దాటాక మాత్రం దారంలా కారుతున్నాయి. లోపలి దారంతా తెల్లటి సున్నం పేరుకుపోయింది. మా బోరు నీళ్లు బకెట్ల మీద కట్టే పొర ఉందే, అదే!

షాపు వాట్సాప్ గ్రూపులో వెనక్కి వెళ్తే, ఏడాది కిందట ఆ కుర్రాడు పెట్టిన మెసేజ్ దొరికింది. "డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తేవాలి సార్." కింద బాబాయి జవాబు, "బోరు నీళ్లు పొయ్యి." ఫోన్ బాబాయి చేతికిచ్చా. చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "బేరింగులు ఎక్కడ దొరుకుతాయి?" అన్నాడు.

ఊళ్లో అడిగితే 6005 ఇచ్చారు. "సైజు సేమ్ సార్, కళ్లు మూసుకుని వేసెయ్యండి." సైజు నిజంగానే సేమ్. 25 మిల్లీమీటర్ల లోపలి రంధ్రం, 47 బయటి కొలత, 12 మందం. కానీ కావలసింది 7005. అది యాంగ్యులర్ కాంటాక్ట్ రకం, పక్క నుంచీ పై నుంచీ వచ్చే ఒత్తిడిని కలిపి మోస్తుంది. పైగా మామూలు గ్రేడ్ ఈ స్పీడుకి పనికిరాదు. చివరికి సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి బస్సు పార్సిల్‌లో తెప్పించాం. ఓ రింగులతో కలిపి 6,500 అయ్యింది.

అవి వచ్చేలోపు నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు రాత్రంతా ఆ దారిలో తిప్పాం. పొద్దున్నకి సున్నం బురదలా వచ్చేసింది. బేరింగులు ఎక్కించేటప్పుడు సుత్తి ముట్టుకోలేదు. వాటిని వేడి చేస్తే షాఫ్ట్ మీదకి జారిపోతాయి. తొయ్యాల్సి వస్తే లోపలి రింగునే తొయ్యాలి, బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ బాల్స్‌కి తగులుతుంది. జతలో ఏది ఎటు తిరిగి ఉండాలో విప్పేటప్పుడే ఫోన్లో ఫొటో తీసుకున్నాం. గ్రీజు కొంచెమే పెట్టాలి. "ఇంత ఖర్చు పెట్టి గ్రీజు దగ్గర పీనాసితనమా?" అన్నాడు బాబాయి. ఎక్కువైతే అదే వేడి పుట్టిస్తుందంటే నమ్మలేదు.

బిగించగానే 24,000కి లాగలేదు. 6,000 దగ్గర అరగంట, చెయ్యి పెట్టి చూడటం, కాస్త పెంచడం, మళ్లీ ఆగడం. సాయంత్రానికి ఫుల్ స్పీడు అందుకుంది. సన్నటి ఈల లాంటి చప్పుడు, అంతే. తలుపు గృహప్రవేశానికి ముందురోజు వెళ్లింది.

ఇప్పుడు నీళ్లు తిరిగొచ్చే పైపు చివర ట్యాంకులో మునిగి ఉండదు. ధార పడటం కనిపించేలా పైకి కట్టాం. నీళ్లు ఆగితే స్పిండిల్ ఆగిపోయేలా ఫ్లో స్విచ్ కూడా పెట్టాం. ఆ కుర్రాడికి నెల జీతం పూర్తిగానే పడింది. బాబాయి సారీ అయితే చెప్పలేదు. డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు రెండు తెచ్చి ట్యాంకు పక్కన పెట్టి, "అయిపోయేముందు చెప్పరా" అన్నాడు వాడితో.