గొల్లభామకి కావాల్సింది పైకప్పు

గొల్లభామని పెంచుదామనుకున్న ప్రతివాడూ చేసే మొదటి పని ఒక అందమైన గాజుపెట్టె కొనడం. నా లెక్కలో అదే మొదటి దండగ. ఆ పెట్టెలు చేపల కోసం చేసినవి, కాకపోతే మనం సోఫాలో కూర్చుని చూడ్డం కోసం చేసినవి. అడ్డంగా పొడుగ్గా ఉంటాయి, లోపలంతా నున్నగా ఉంటుంది. గొల్లభామకి అడ్డం అక్కర్లేదు, నిలువు కావాలి. నేల అక్కర్లేదు, పైకప్పు కావాలి. రోజులో ఎక్కువ భాగం అది తలకిందులుగా వేలాడుతూనే గడుపుతుంది. అలా వేలాడ్డానికి పట్టు దొరకని ఇల్లు ఎంత ఖరీదైనదైనా దానికి ఇల్లు కాదు.

పేరు సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత గొడవ లేకుండా. మా ఊళ్ళో చిన్నప్పుడు పచ్చ మిడతనీ దీన్నీ కలిపి గొల్లభామే అనేవాళ్ళం. నేను చెప్తున్నది ముందుకాళ్ళు రెండూ మడిచి దణ్ణం పెడుతున్నట్టు నిలబడే పురుగు గురించి, ఇంగ్లీషులో ప్రేయింగ్ మాంటిస్. దణ్ణమూ లేదు గిణ్ణమూ లేదు. ఆ కాళ్ళకి లోపలివైపు ముళ్ళుంటాయి, వాటి మధ్య దొరికిన ఈగ ఇంక మళ్ళీ ఎగరదు. మన దేశంలోనూ బోలెడు రకాలున్నాయి. హైరోడులా అని మన వైపు కనిపించే పెద్ద పచ్చ రకాన్ని యూరప్‌లో చాలామంది ముచ్చటపడి పెంచుకుంటారు. మనం మాత్రం చెప్పు తీసుకుని కొడతాం, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

మాకు దొరికింది వేరే రకం. 2024 నవంబరులో, ఇక్కడ న్యూజెర్సీలో మా ఇళ్ళ వెనక ఉన్న ఖాళీ స్థలంలో, ఎండిపోయిన మొక్క కాడకి గుండ్రటి గుడ్ల గూడు ఒకటి అతుక్కుని ఉంటే మా పాప విరిచి పట్టుకొచ్చింది. గట్టిపడిన నురగ ముద్ద అది, చూడ్డానికి చిన్న గుంతపొంగణంలా ఉంటుంది. గుండ్రంగా ఉబ్బుగా ఉంటే చైనా గొల్లభామది, సన్నగా పొడుగ్గా కాడని కరుచుకుని ఉంటే ఇక్కడి దేశవాళీ కరోలినా రకానిది. మాది మొదటిది. ఇది అమెరికాలో మొదటిసారి కనిపించింది 1896లో, ఫిలడెల్ఫియా దగ్గర. అంటే నాలాగా వలస వచ్చినదే, కాకపోతే వీసా బాధ లేనిది.

ఈ గుడ్ల గూళ్ళని ఇక్కడి తోటసామాన్ల కొట్లలో అమ్ముతారు కూడా, మీ తోటలో చీడపురుగుల్ని తినేస్తాయని చెప్పి. నాకు ఇది అస్సలు నచ్చదు. దానికి చీడపురుగేదో తేనెటీగేదో తేడా తెలీదు, కదిలిందల్లా తింటుంది. సీతాకోకచిలుకల్ని తింటుంది, ఒక్కోసారి హమ్మింగ్‌బర్డ్‌ని కూడా పట్టేస్తుంది. కొని తెచ్చి తోటలో వదలడమంటే టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లోకి కోడ్ తోసెయ్యడమే. అందుకే మేం ఒక ఒప్పందం చేసుకున్నాం. ఉంచుకున్నవి ఉంచుకుని మిగిలిన పిల్లల్ని ఆ గూడు ఎక్కడ దొరికిందో అక్కడే వదిలెయ్యాలి, వేరే ఎక్కడా కాదు. అవి ఎలాగూ అక్కడ పుట్టాల్సినవే కదా.

చలికాలమంతా గూడుని ఇంట్లో పెట్టకూడదు. వెచ్చదనానికి మోసపోయి జనవరిలోనే పిల్లలు బయటికొచ్చేస్తాయి, బయట మంచు, తినడానికి ఒక్క ఈగ ఉండదు. దోమతెర గుడ్డ కట్టిన డబ్బాలో పెట్టి బాల్కనీలో ఉంచాం. 2025 మే నెలలో ఒక శనివారం పొద్దున చూస్తే డబ్బా గోడల నిండా దోమల్లాంటి పిల్లలు. ఒకటీ రెండూ కాదు, నూట యాభై దాకా ఉంటాయి. పదింటిని ఉంచుకుని మిగతావాటిని ఆ మధ్యాహ్నమే వెనక స్థలంలో వదిలేశాం. పాప కొంచెం ఏడ్చింది. కానీ వందా యాభైని ఒకే డబ్బాలో ఉంచితే అవి ఒకదాన్నొకటి తింటాయని చెప్తే ఒప్పుకుంది.

ఇక ఇళ్ళ సంగతి. చిన్న పిల్లలకి పెద్ద ఇల్లు పెడితే వాటికి తిండి దొరకదు, ఈగ ఒక మూల, ఇది ఒక మూల. అందుకని మొదట్లో ఒక్కోదానికి ఒక్కో లీటరు ప్లాస్టిక్ కప్పు. మూత మధ్యలో పెద్దగా కోసేసి దోమతెర ముక్క వేడి జిగురుతో అంటించాలి. పక్కన వేలంత కన్నం, దాంట్లో స్పాంజి ముక్క. స్పాంజి తీసి ఈగల్ని దులిపి మళ్ళీ పెట్టెయ్యడమే, మూత తియ్యక్కర్లేదు. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే గొల్లభామ మూతకే వేలాడుతూ ఉంటుంది కాబట్టి మూత తీసినప్పుడల్లా దాని ఇంటి నేలని మనం పీకేసినట్టే. అడుగున తడిపిన టిష్యూ, లేదా కొబ్బరి పొట్టు. మనూళ్ళో బస్తాలకొద్దీ దొరికే కొబ్బరి పొట్టుని ఇక్కడ ఇటుకలా నొక్కి డాలర్లు పోసి అమ్ముతారు. కొనేటప్పుడు నా చెయ్యి వణికింది :)

పెరిగేకొద్దీ ఇల్లు మారాలి. లెక్క సులువు, పురుగు పొడుగుకి కనీసం మూడింతలు ఎత్తు, రెండింతలు వెడల్పు. ఎందుకు మూడింతలు అంటే, కుబుసం కోసం. గొల్లభామ పెద్దదయ్యేలోపు ఆరు నుంచి తొమ్మిదిసార్లు కుబుసం విడుస్తుంది. పెంచేవాళ్ళు ఒక్కో దశకి ఎల్1, ఎల్2 అని నంబర్లు వేసుకుంటారు, మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా అలవాటైన పద్ధతే. కుబుసం విడిచేటప్పుడు అది వెనక కాళ్ళతో పైకప్పుని పట్టుకుని వేలాడుతుంది. వీపు దగ్గర పాత చర్మం పగులుతుంది. ఇక అక్కణ్ణించి దాని బరువే దాన్ని బయటికి లాగాలి, మెల్లగా కిందికి జారుతూ వస్తుంది. అంటే పాత చర్మం పొడుగు ఒకటి, దాని కింద కొత్త శరీరం పొడుగు ఇంకొకటి, ఆ కొత్తది పాతదానికంటే పెద్దది. కింద చోటు లేక నేలకి తగిలిందో, పట్టు జారి పడిందో, మెత్తటి కాళ్ళు వంకరపోయి అలాగే గట్టిపడిపోతాయి. చాలావరకు చచ్చిపోతుంది.

మా పక్కింటి అబ్బాయికి అలాగే జరిగింది. ఒక కంపెనీ వాళ్ళు, పేరొద్దులెండి, పిల్లల కోసం అమ్మే కిట్ కొన్నారు. చక్కటి పారదర్శకమైన డబ్బా, పైన మూత కూడా నున్నటి ప్లాస్టిక్కే, గాలికి నాలుగు చిల్లులు. పెట్టె మీద పెద్ద రంగుల బొమ్మ. నాలుగో కుబుసానికి మూత మీద గోళ్ళు ఆనక కింద పడింది. వాళ్ళ కాగితంలో మాత్రం తేమ తగ్గితే ఇలా అవుతుంది, నీళ్ళు బాగా చల్లండి అని రాసుంది. ఇంటర్నెట్లో చూసినా సగం మంది అదే పాట, తేమ, తేమ. తేమ అక్కర్లేదని కాదు, పొద్దున్నే గోడల మీద నాలుగు చుక్కలు చల్లితే అవి ఆ చుక్కలే తాగుతాయి కూడా. కానీ గాలి ఆడని డబ్బాలో నీళ్ళు కొట్టీ కొట్టీ బూజు పట్టించడం కంటే పైన ఒక గరుకు గుడ్డ వెయ్యడం వందరెట్లు మేలు. దోమతెర ముక్క ఖరీదెంతని?

తిండి దగ్గర మాత్రం మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. మా అమ్మ ఏప్రిల్లో వచ్చి ఆర్నెల్లు ఉంది. వంటింట్లో గట్టు మీద వరసగా ఈగల సీసాలు. రెక్కలున్నా ఎగరలేని పళ్ళ ఈగలు, మొదట మెలనోగాస్టర్ అనే చిన్నవి, తర్వాత హైడై అనే పెద్దవి. అరటిపండు గుజ్జు, కాస్త వెనిగర్, చిటికెడు ఈస్టు వేస్తే చిన్న రకం దాదాపు పన్నెండు రోజుల్లో కొత్త తరం వస్తుంది, పెద్దదానికి మూడు వారాలు పడుతుంది. వారానికో కొత్త సీసా మొదలుపెట్టకపోతే మధ్యలో తిండి తెగిపోతుంది. సప్లై చెయిన్ అంటే ఏంటో నాకు ఆఫీసులో కంటే ఇక్కడే బాగా అర్థమైంది.

అమ్మకి ఇది పాపంగా తోచింది. "ఒక్క పురుగుని బతికించడానికి ఇన్ని ప్రాణాలు పెంచి మరీ చంపుతారట్రా?" అంది. అమ్మ శాకాహారి కాదు, ఆదివారం కోడికూర వండే మనిషే. పాప ఊరుకుంటుందా, "మరి మనూళ్ళో గోడ మీద బల్లి తింటుంది కదా నానమ్మా, నువ్వు దాన్ని ఏమీ అనవు కదా" అంది. అమ్మ వెంటనే, "బల్లి దాని పాటికది తింటుందే. నేను పళ్ళెంలో పెట్టి వడ్డించను" అంది.

నేను ఆ మాట మీద చాలా రోజులు ఆలోచించాను. దానికి నా దగ్గర జవాబు లేదు. ప్రకృతిలో అంతే కదా అని తేలిగ్గా అనెయ్యొచ్చు, కానీ మా వంటింటి గట్టు ప్రకృతి కాదు. అక్కడ ఎవరు తినాలో ఎవరు తినబడాలో స్పాంజి తీసి నిర్ణయిస్తున్నది మేమే. అందుకే ఒక్కటి మాత్రం అమ్మ మాట ప్రకారం మార్చాం. పదింటిలో రెండు కుబుసాల్లో పోయాయి, మిగతా ఎనిమిదిలో ఏడింటిని జూన్ చివర్లో వెనక స్థలంలోనే వదిలేశాం. ఒక్కదాన్నే ఉంచుకున్నాం. పొట్ట కిందివైపు కట్లు లెక్కపెడితే ఆరున్నాయి, అంటే ఆడది. మగదానికైతే ఎనిమిదుంటాయి.

ఆ ఒక్కదానికి నేనే పెట్టె చేశాను. ముప్పై సెంటీమీటర్ల వెడల్పు, నలభై అయిదు ఎత్తు, చెక్క చట్రం, పైనా రెండు పక్కలా గుడ్డ వల, ముందు తలుపు. ఇనప వల వద్దు, పాదాల చివర ఇరుక్కుని తెగుతాయి. గుండ్రటి కొమ్మలు ఏటవాలుగా రెండే పెట్టాను. అందంగా ఉందని అడవిలా నింపితే కుబుసం విడిచేటప్పుడు కిందికి జారే దారికి అడ్డం వస్తాయి. పాప ప్లాస్టిక్ పూలు పెట్టమంది, ఒక మూల కింద పెట్టనిచ్చాను.

ఆగస్టు రెండో వారంలో తిండి మానేసింది. రెక్కల మొగ్గలు బాగా ఉబ్బాయి. ఇది ఆఖరి కుబుసం. ఇంతకుముందు దశల్లో కాలు ఊడినా తర్వాతి కుబుసాల్లో మళ్ళీ మొలుస్తుంది, చిన్న చిన్న లోపాలు సర్దుకుంటాయి. ఆఖరిదాని తర్వాత ఇంక ప్యాచ్ ఉండదు, ఎలా వస్తే అలాగే చచ్చేదాకా. పెట్టెలో ఉన్న ఈగల్ని ఏరి బయటికి తీశాం, మెత్తగా ఉన్నప్పుడు ఈగ వాలినా అదురుతుంది, కీచురాయి లాంటిదైతే దీన్నే కొరికేస్తుంది. నాలుగు రోజులు ఎవరూ పెట్టె ముట్టుకోకూడదని పాప కాగితం రాసి అంటించింది.

అయిదో రోజు రాత్రి తొమ్మిదింటికి మొదలైంది. వీపు చీలింది, లేతపచ్చటి తల బయటికొచ్చింది, తర్వాత ఛాతీ, తర్వాత కాళ్ళు ఒక్కొక్కటీ చొక్కా చేతుల్లోంచి లాగినట్టు. సగం దూరం వచ్చి ఆగిపోయింది. తోక చివర మాత్రమే పాత చర్మంలో ఉంది, మిగతా ఒళ్ళంతా గాల్లో వేలాడుతోంది, కదలదు. పది నిమిషాలైంది. అమ్మ లేచింది. "ఏదైనా పుల్ల అందించండర్రా, పడిపోయేలా ఉంది" అంటూ తలుపు మీద చెయ్యి వేసింది, ఈగల్ని పెంచడం పాపమన్న మనిషే. "నానమ్మా, డోంట్ టచ్!" అని పాప అరిచింది. అరిచాక తనే భయపడి నోరు మూసుకుంది. అమ్మ చెయ్యి తీసేసింది గానీ కూర్చోలేదు.

అది ఆగింది కాళ్ళు గట్టిపడ్డానికి. మెత్తటి కాళ్ళతో ఏదీ పట్టుకోలేదు, అవి కాస్త బిగిసేదాకా ఆ తోక చివరే దాని ఆధారం. ఆ సంగతి నాకు తెలుసు, అయినా నా గుండె కూడా గొంతులోనే ఉంది. తర్వాత ఒక్కసారిగా ఒళ్ళు వంచి పైకి లేచి తన పాత చర్మాన్నే పట్టుకుంది. తోక ఊడొచ్చింది. పక్కకి పాకి వలకి వేలాడింది. నలిగిన కాగితంలా ఉన్న రెక్కలు రక్తం ఎక్కి మెల్లగా విచ్చుకున్నాయి, గంటకి పైగా పట్టింది. ఒక రెక్క అంచు కొంచెం మడతపడింది, అంతే. అమ్మ పదకొండున్నర దాకా మేలుకుని చూసింది.

మర్నాడు కూడా తిండి పెట్టలేదు, నోటి భాగాలూ గట్టిపడాలి కదా. ఆ తర్వాత ఈగల సీసా తెచ్చి స్పాంజి తీసింది అమ్మే. పళ్ళెం మాట నేనెత్తలేదు.

అక్టోబరు మొదట్లో అమ్మ వెళ్ళిపోయింది. అదే నెల చివర్లో అది వలకి నురగ కట్టి గుడ్ల గూడు పెట్టింది. మగదానితో కలవలేదు కాబట్టి అందులోంచి పిల్లలు రావు. నవంబరులో ఒక పొద్దున కింద పడి ఉంది, వయసైపోయి. వీటి ఆయుష్షు అంతే, ఏడాది కూడా నిండదు. గూడుని బాల్కనీలో పెట్టాలంది పాప. పొదగదమ్మా అని చెప్పాను, మే నెల దాకా చూద్దాం అంది. పెట్టె నుంచి ఆ వల ముక్క కత్తిరించి ఇచ్చాను. పైకప్పుకి ఇప్పుడు కొత్త గుడ్డ వెయ్యాలి.