కరెంటు లేకున్నా కులాసాగా

తెలుగు నాట కరెంటు పోతే ఇన్వర్టర్‌ను తలుచుకుంటారు. బ్రిటన్‌లో కొందరు మాత్రం కారు వెనక కారవాన్ తగిలించుకుని మరీ కరెంటు లేని చోటు వెతుక్కుంటూ వెళతారు. సరదా పాతదే. 1885లో గోర్డన్ స్టేబుల్స్ 'వాండరర్' అనే గుర్రబ్బండిలో ట్వైఫర్డ్ నుంచి స్కాట్లాండ్‌లోని ఇన్వర్నెస్ దాకా వెళ్లారు. 1907లో పుట్టిన కారవాన్ క్లబ్ గుర్తింపు పొందిన చిన్న విడిదుల్లో నేటికీ ఐదు బళ్లకు మించి ఆపరు. వాటిలో చాలాచోట్ల ప్లగ్గు పెట్టే స్తంభమే ఉండదు.

లెక్క తెలిస్తే అక్కడా లోటుండదు. 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడాలి, లేదంటే దాని ఆయుష్షు తగ్గుతుంది. 10 వాట్ల ఎల్ఈడీ దీపాలు ఐదు గంటలు వెలిగినా ఖర్చయ్యేది సుమారు 4 ఆంపియర్-అవర్లే. అదే 2,000 వాట్ల కెటిల్‌ను ఇన్వర్టర్‌కు తగిలిస్తే ఆ సగమూ 20 నిమిషాల్లోపే హరీ! అందుకే టీ, ఫ్రిజ్, గది వెచ్చదనం అన్నీ గ్యాస్‌ మీదే. చలికాలం సిలిండర్‌లో ప్రొపేన్ ఉండాలి. సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరి కాదు.

అసలు పరీక్ష డిసెంబర్‌లోనే. ఇన్వర్నెస్‌లో అప్పుడు పగలు ఏడు గంటలైనా ఉండదు. పైకప్పు మీది సోలార్ పలక ఇచ్చేది అంతంతమాత్రం. గ్యాస్ హీటర్ ఫ్యానుకూ బ్యాటరీయే దిక్కు. టీవీ చూడాలా, తెల్లారేదాకా వెచ్చగా పడుకోవాలా అన్నది సాయంత్రమే తేల్చుకోవాలి.