మనింటి ఇసుక వయసెంత?

నాయుడుపేట నుంచి ఏటా తిరుమల వెళ్తాం. ఘాట్‌రోడ్డు మలుపుల్లో నాకు కళ్లు తిరుగుతాయి, అందుకే కొండరాయిని ఏనాడూ సరిగ్గా చూసింది లేదు. కాలేజీలో జియాలజీ చదివే మా అమ్మాయి ఈసారి పట్టుబట్టి చూపించింది. కింద గ్రానైట్, దాని మీద పొరలుపొరలుగా క్వార్ట్‌జైట్. రెండూ కలిసే గీత దగ్గర దాదాపు 80 కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతట! భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించింది కూడా.

పై రాళ్లు కడప బేసిన్‌వి. అదే బేసిన్‌లో వేంపల్లె దగ్గరి రాళ్లు ఇంకా పాతవి, 188 కోట్ల ఏళ్లు దాటినవి. వాటిలో కోసిన క్యాబేజీలా వంపు తిరిగిన పొరలుంటాయి. స్ట్రొమటోలైట్లంటారు. అప్పుడక్కడ లోతు తక్కువ సముద్రం. కంటికి ఆనని సైనోబ్యాక్టీరియా జిగురు చాపలా పరుచుకుని, పడ్డ మట్టిని పట్టుకుని, మళ్లీ పైకి పెరిగి కట్టిన ఇళ్లవి. చెట్టూ చేపా పుట్టని రోజులు. అంతకు ఎన్నో కోట్ల ఏళ్ల ముందే గాలిలోకి ఆక్సిజన్ వదలడం మొదలుపెట్టింది ఈ జాతే.

తిరుగు బస్సులో అడిగింది, "నాన్నా, మనింటికి ఇసుక ఎక్కడ తోలించినావు?"

"స్వర్ణముఖిదే. ఏట్లో ఇసుకకేం కొదవ?"

"ఆ కొండలు అరిగి వచ్చిందేగా అది."

ఇంటికి నలభై ట్రాక్టర్లు తోలించా. ఏరొస్తే మళ్లీ నిండుతుందిలే అనుకున్నా. మర్నాడు ఏటి గట్టుకు పోయి చూస్తే మేం తవ్వించిన చోట గుంత అలాగే ఉంది. పదకొండేళ్లయింది.