పూరీ గేట్ నుంచి చిట్టికి

పూరీ గేట్, ఖరగ్‌పూర్
మంగళవారం రాత్రి

చిట్టీ,

పిన్ని వాళ్ళింట్లో ముక్కు చీదుకుంటూ రాస్తున్నాను. రైలు దిగేసరికి వాన. వెయ్యి మీటర్ల పైచిలుకు ప్లాట్‌ఫారమని గొప్పగా చెప్పుకుంటారు కదా, పెట్టె మోసుకుంటూ నడిస్తే తెలిసింది ఆ గొప్ప. గేటు పక్కన ఒకటే రైలు కూతలు. బాబాయి రైల్వేలో రిటైరైన మనిషి, కూత ఆగితేనే మెలకువొస్తుందట.

రాత్రి చేపల పులుసు. పిన్ని బెంగాలీల్లాగా ఆవ నూరి వేసింది, మనలాగా చింతపండూ పోసింది. పక్కింటి బెంగాలీ ఆవిడ చింతపండు పేరెత్తితే మూతి ముడుస్తుందట గానీ గిన్నె మాత్రం పంపిస్తుందట. జలుబని తెలిసీ వద్దనలేకపోయాను.

పటాలు వేసే ఊరు నయా వెళ్తానంటే పిన్ని, "ఏటే, పటాల కోసం ఈ వానలోనా? మీ ఇంట్లో కేలెండర్లు లేవేటి?" అంది.

గురువారం

వెళ్ళొచ్చాను. బాలిచక్ దాకా లోకల్, అక్కణ్ణించి టోటో, అదే బ్యాటరీ రిక్షా. టోటోవాడు మూడొందలన్నాడు. నా బెంగాలీ "కొతో" (ఎంత) దగ్గరే ఆగిపోతే చేతులతో పోట్లాడాను. ఇంకెవరైనా ఎక్కేదాకా కూచుంటే తగ్గిస్తానన్నాడు. చివరికి ఇద్దరు మనుషులూ ఒక మేకా ఎక్కారు. మేక దారంతా నా చున్నీ నమిలింది.

పింగ్లా పక్కనుంది నయా. పటాలు వేసేవాళ్ళందరి ఇంటిపేరూ చిత్రకారే. చాలామంది ముస్లింలు. వేసేదీ పాడేదీ రాముడి కథ, మనసాదేవి కథ. శంఖుపుష్పాల నీలం, పసుపు, దీపం మసి, వీటికి మారేడు బంక. కాగితాలు కలిపి కుట్టి వెనక పాత చీర అంటిస్తారు. 2004 సునామీ పటం కూడా ఉంది, అలకి రాక్షసి ముఖం!

ఒకావిడ చేపల పెళ్ళి పటం విప్పింది. చిన్న చేపలన్నీ బాజాలతో పెళ్ళికి పోతుంటాయి, చివర్న వాలుగ నోరు తెరుచుకుని ఉంటుంది. గడి గడికీ వేలుపెట్టి చూపిస్తూ పాడింది. వాలుగ ఎవరో చెప్పక్కర్లేదు, జమీందారనుకో, వడ్డీవ్యాపారి అనుకో. కానీ ఓ మూల పాటలో లేని రొయ్య ఒకటి, పెళ్ళివైపు వీపు తిప్పి ఉంది. ఎవరని అడిగితే ఆవిడ ఇంట్లోకి ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించి, "మా అత్త" అంది.

నువ్వేమో ప్రతి బొమ్మలోనూ తెగిన చెప్పు పెడతావు, ఎందుకే అంటే అలుగుతావు. ఆవిడ చెప్పేసింది, చెప్పాక రొయ్య ఇంకా బాగుంది.

మన చేర్యాలలో పటం వేసేది నకాశీలు. దాన్ని పట్టుకెళ్ళి పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివాళ్ళు. వేసేవాడొకడు, చెప్పేవాడొకడు. అంచేత ప్రతి గుర్తూ అందరికీ తెలిసినదై ఉండాలి. ఇక్కడ వేసిన మనిషే పాడుతుంది గనక అత్తగారిని దూర్చినా చెల్లిపోయింది.

లక్ష్మాగౌడ్ గారి బొమ్మల్లో మేకలకి ఎవరు పాడారు అంటావు, తెలుసు. వాటికి పాట అక్కర్లేదు. నీ చెప్పుకి కావాలి.

పటం కొన్నాను, బేరమాడలేదు. పిన్ని చూసి రొయ్య అచ్చం అమ్మలా ఉందంటోంది, ఈ ఉత్తరం పైకి చదవకు. రేపు హౌరా. తమ్ముడు ఫోన్లో పరీక్ష సంగతి దాటేశాడు, కనుక్కుని రాయి.

అక్క