కంప్యూటరునకు నీటి చలువ

విద్యార్థులారా! కంప్యూటరును నీటితో చల్లబఱచు సామగ్రిని క్రొత్తవారు బిగింపగలరా యని మీలో కొందఱు నన్నడిగితిరి. ఓపిక యున్నచో బిగింపగలరు.

సమాన బరువుగల గాలికంటె నీరు సుమారు 4 రెట్లు వేడిమిని గ్రహించును. పంపు త్రోయగా నీరు ప్రాసెసరుపై నమర్చిన రాగి బ్లాకులో వేడిమిని గైకొని, రేడియేటరులో విడిచి, మరల వచ్చుచుండును. క్రొత్తవారి కొఱకు ఇవియు, నీటితొట్టి, గొట్టములు, ఫిట్టింగులు, ఫ్యానులును ఒక్క పెట్టెలో అమ్ముదురు. భాగములను వేర్వేరుగా కొనువారు లోహములను పరికింపవలెను. ఒకే నీటిలో రాగియు అల్యూమినియమును కలిసినచో అల్యూమినియము క్రమముగా చివికిపోవును.

నేనట్టి పెట్టెను తెచ్చి నా కంప్యూటరునకు అమర్చితిని. మీ మార్కుల పట్టికలన్నియు నందే యున్నవి. నీరు విద్యుద్భాగములపై చిందినచో యంత్రమే చెడవచ్చును. బిగింపు ముగియగనే నడిపి చూడవలెనని మనస్సు తొందరించెను. అయినను కీళ్ల క్రింద కాగితములు పఱచి, తక్కిన భాగములకు విద్యుత్తు నీయక, పంపును మాత్రము నడిపి, ఒక దినము కనిపెట్టుకొని యుంటిని. కాగితములు తడియలేదు. పిమ్మటనే కంప్యూటరును నడిపితిని.

బిగించుటకు నేర్పు చాలును. పరీక్షించుటకు ఓర్పు వలయును. ఈ రెండవదానినే మీరు ముందు అలవఱచుకొనుడు.